వల అంచున ఏనుగులు

బాన్సువాడ చివర, మంజీర వైపు పోయే దారిలో చిన్నవ్వ ఇల్లు. ఆమె వలలు బాగుచేస్తుంది. చేపలవాళ్లు చినిగిన వలలు తెచ్చి వసారాలో పడేసి పోతే, కళ్లు సగం మూసుకుని వేళ్లతోనే చిల్లులు వెతికి పట్టుకుంటుంది. పని సాగుతున్నంతసేపూ ఆమె మనసు ఎక్కడో ఉంటుంది. ఎవరైనా పిలిస్తే రెండో పిలుపుకో మూడో పిలుపుకో, నీళ్లలోంచి తేలినట్టు తలెత్తి "ఆఁ" అంటుంది.

ఆ వసారాలో ఆమె తప్ప ఎవరూ ముట్టుకోని వల ఒకటుంది. అది ఆమె భర్త పోచన్నది.

వాళ్ల పెళ్లయిన కొత్తలో, ఒక కరువు ఎండాకాలం మంజీర పూర్తిగా ఎండిపోయింది. తాగే నీళ్ల కోసం ఇసుకలో చెలిమె తవ్వుతుంటే పోచన్న గడ్డపారకు కుండ తగిలింది. లోపల నల్లటి బిళ్లలు, ఒకదానికొకటి అతుక్కుని. వెండేమో అనుకుని మొగుడూ పెళ్లాం ఆ రోజు పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయారు. తెల్లారి కంసాలి ఒక బిళ్లను గీరి చూసి, ఉత్త సీసం అని తేల్చేశాడు. పోచన్న దారి పొడవునా నవ్వుకుంటూ వచ్చాడు. వల నీళ్లలో మునగాలంటే అంచుకు సీసం కట్టాల్సిందే కదా. బిళ్లలకు మేకుతో బెజ్జాలు కొట్టి తన విసురువల చుట్టూ కట్టుకున్నాడు.

కడిగితే వాటి మీద తొండమెత్తిన చిన్న ఏనుగు బొమ్మ బయటపడింది. అప్పటినుంచి వల విసిరినప్పుడల్లా, "ఏనుగులు నీళ్లకు పోతున్నయ్ సూడు" అనేవాడు. ఒడ్డున కూర్చున్న చిన్నవ్వకు అవి నిజంగానే కనిపించేవి. వల గాలిలో విచ్చుకుని పడ్డాక, ఆకుపచ్చటి మసకలో ఏనుగుల మంద గుండ్రంగా, తొందర లేకుండా దిగిపోయేది. వాటి కాళ్ల కింద బురద పొగలా లేచేది. పోచన్న తాడు లాగేదాకా ఆమె వాటి వెంటే నడిచేది.

పోచన్న పోయి చాలా ఏళ్లయింది. కొడుకు పండరి తెప్ప మీద పోయి పెద్ద వలలు వేస్తాడు, తండ్రి వల జోలికి పోడు. చిన్నవ్వ మాత్రం ఏటా వానలు మొదలవగానే దాన్ని దించి, కడిగి, చీకిపోయిన దారాలు మార్చి మళ్లీ తగిలిస్తుంది.

మొన్నటి వానాకాలం అలా కడుగుతుంటే మనవరాలు సౌజన్య వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల మీసేవలో పనిచేస్తుంది. ఏనుగు బొమ్మ చూసి ముచ్చటపడి ఫోన్‌లో ఫొటో తీసింది. కాలేజీలో తనకు చరిత్ర చెప్పిన బిందుమాధవి మేడంకు పంపింది. చలి మొదలయ్యాక మేడం స్వయంగా వచ్చింది. వల ముందు నేల మీదే కూర్చుని బిళ్లలను ఒక్కొక్కటిగా తిప్పి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఇవి శాతవాహనుల కాలపు నాణేలు కావచ్చట, దాదాపు రెండు వేల ఏళ్ల కిందటివట. భూమిలో దొరికినవి కాబట్టి ప్రభుత్వానికి అప్పగించాలట. తాను వెంట వస్తానని, భయపడే పని లేదని కూడా అంది.

పండరికి ఫికర్ పట్టుకుంది. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలి? చిన్నవ్వ అదేమీ విననట్టే బిళ్లను బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

"గివి పైసలైతే, గప్పుడు వీటికి ఏమొస్తుండె బిడ్డా?"

ఉప్పు, కూరగాయలు కొనుక్కునే చిల్లర అయి ఉంటుందని మేడం చెప్పింది.

"శాపలు?"

"చేపలు కూడా కొనే ఉంటారమ్మా."

చిన్నవ్వ వాకిలి వైపు చూసింది. తడి చేత్తో బిళ్ల అందుకుని, దాని మీద అంటుకున్న పొలుసును తుడిచి, కొంగున ముడేసుకుంటున్న ఆడమనిషి ఎవరో ఆమె కళ్ల ముందు కదిలింది.

"ఇస్త," అంది చివరకు. "ఒక్కపారి నీళ్లల్ల ఏసినంక ఇస్త."

మేడం తటపటాయిస్తూనే సరేనంది.

మర్నాడు పొద్దున పండరి తల్లిని బండి మీద మంజీరకు తీసుకుపోయాడు. నీటి మీద మంచు ఇంకా విడలేదు. అతను విసిరితే వల ముద్దగా పడింది. చిన్నవ్వ నవ్వి, చీర ఎగదోపుకుని మోకాళ్ల లోతుకు దిగింది. ఆమె ఎన్నడూ వల విసిరిన మనిషి కాదు. అయినా పోచన్న మోచేతి మీద వల ఎలా సర్దుకునేవాడో, నడుము ఎటు తిప్పేవాడో ఆమె ఒంటికి తెలుసు. వల సగం చంద్రుడిలా విచ్చుకుని పడింది. తాడు చేతిలోంచి జారుతుంటే ఆమెకు అడుగున ఒక అంగడి కనిపించింది. దీపాల్లేని వెలుతురులో జనం చప్పుడు లేకుండా బేరాలాడుతున్నారు. గంప ముందు కూర్చున్న ఆడమనిషి తలెత్తి, పైనుంచి దిగుతున్న వలను చూసింది.

లాగితే నాలుగు పరక చేపలు, ఒక జెల్ల పడ్డాయి. వల అంచున ఒక దారం ఉత్తగా వేలాడుతోంది. బిళ్ల జారిపోయింది. పండరి వెతకడానికి దిగబోతే అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి. గది మంజీరదే."

మిగిలినవన్నీ విప్పి, మేడంతో, సౌజన్యతో కలిసి తహసీల్దారు ఆఫీసుకు పోయి అప్పగించింది. ఒకటి ఏట్లో పోయిందన్న మాట కూడా దాచకుండా చెప్పింది. రాసుకున్న అధికారి ఇంకేమీ అడగలేదు. తిరిగొస్తూ బజారులో కొత్త సీసం గుళ్లు కొని, ఆ సాయంత్రమే కట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం పండరి తండ్రి వలను భుజాన వేసుకుని వచ్చి, నాయిన ఎట్ల నిలబడుతుండెనో చూపించమన్నాడు. చిన్నవ్వ వాకిట్లో నిలబడి, నడుము తిప్పి విసిరింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. వల నిండుగా విచ్చుకుని పోయి పండరి బండి మీద పడింది. పెట్రోలు ట్యాంకు మీద గుళ్లు టపటపా మోగుతుంటే, తల్లీ కొడుకులు నవ్వుకుంటూ దాని చిక్కు తీయడానికి కూర్చున్నారు.