ఎర్రబండి ఎడమ తలుపు

వీధిలో అందరూ అతన్ని పళ్ళాయన అంటారు. డాక్టర్లు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు చేయడం అతని పని. ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే ముందు నోటికేసి చూసి, ఆ తర్వాతే ముఖం చూస్తాడు. మొదటిసారి కలిసినప్పుడు కూడా తన పళ్ళే చూశాడని, ఆ రోజు తను ఏం కట్టుకుందో ఇప్పటికీ చెప్పలేడని భార్య చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది.

అన్న పోయినప్పుడు అతను ఏడవలేదు. చేయాల్సినవన్నీ చేశాడు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, వాళ్ళు వెళ్ళాక ఆ కుర్చీలు మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. తర్వాత ఎప్పటిలాగే పనికి వెళ్ళిపోయాడు. ఒక్కసారి గట్టిగా ఏడిస్తే గుండె తేలికపడుతుందని భార్య నచ్చజెప్పింది. అతనూ కాదనలేదు. కానీ లోపలంతా మత్తుసూది వేయించుకున్న దవడలా ఉంది. నొక్కితే నొక్కినట్టు తెలుస్తోంది, అంతే.

అన్న ఫైరింజను డ్రైవరు. డ్యూటీలో నడిపే బండి చాలదన్నట్టు ఇంట్లో చిన్న బండ్లు తయారుచేసేవాడు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి, జానెడు లారీలు, బస్సులు. సెలవు దొరికితే తమ్ముడు అక్కడే. రంగు వేయడం అన్న వంతు, డికాల్స్ అనే అచ్చు స్టిక్కర్లు దించడం తమ్ముడి వంతు. బండి మీద ఉండే నంబర్లు, గీతలు, గుర్తులు పల్చటి పొర మీద అచ్చయి వస్తాయి. వాటిని నీళ్ళలో నానబెట్టి, వెనకున్న కాగితం మీంచి జార్చి బండి మీదికి దించాలి. రంగు గరుగ్గా ఉంటే పొర కింద గాలి చిక్కుకుని, నంబరు చుట్టూ బూజు పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. అందుకని రంగు మీద ముందుగా మెరుపు వార్నిష్ పూసి, అద్దంలా నున్నగా ఆరనివ్వాలి.

ఆ ఆరనివ్వడమే అన్నకు చేతకాదు. ఆరిందో లేదోనని బొటనవేలితో నొక్కి చూసేవాడు. ముద్ర పడేది. తమ్ముడు సన్నటి ఎమరీ కాగితం తడిపి ఆ ముద్రను రుద్దేసి, పళ్ళకు వాడే పాలిష్ పెట్టి మళ్ళీ మెరిపించేవాడు.

"వేలు పెట్టకపోతే ఆరినట్టు ఎలా తెలుస్తుందిరా, పళ్ళోడా?" అనేవాడు అన్న.

"పెట్టాక ఆరలేదని అందరికీ తెలుస్తోందిగా" అనేవాడు తమ్ముడు.

వాళ్ళిద్దరి మధ్యా అరిగిపోయిన మాటలవి. అయినా ప్రతిసారీ అనుకునేవారు.

అన్న చివరగా మొదలుపెట్టింది ఎర్ర ఫైరింజను. తను నడిపిన బండే, అచ్చు అదే నిచ్చెన, అదే నంబరు. రంగు అయింది, వార్నిష్ అయింది. డికాల్స్ ఉన్న కవరు విప్పకుండా పక్కనే పెట్టాడు, తమ్ముడు వస్తాడని. ఆ పూత పూర్తిగా ఆరకముందే అన్నకు గుండె ఆగింది.

కొన్నాళ్ళకు క్వార్టర్సు ఖాళీ చేయమని వదినకు కబురొచ్చింది. చెల్లెలి ఇంటికి మారుతోంది. అక్కడ ఆమెకు ఒక గది, గోడలో ఒక చిన్న అల్మరా. అందుకని మిగతా బండ్లన్నీ అన్నతో పనిచేసినవాళ్ళకు పంచిపెట్టి, ఈ ఒక్కటి అట్టిపెట్టుకుంది. సామాను సర్దడానికి సాయం వెళ్ళిన మరిది చేతిలో చెప్పుల పెట్టె పెట్టింది. లోపల పాత తువ్వాలులో చుట్టిన ఎర్రబండి.

"నంబరు లేని బండి బండే కాదనేవాడు మీ అన్న" అంది. "నేను వెళ్ళేలోగా పూర్తిచేసి ఇవ్వు నాయనా. నాకు ఇదొక్కటే కావాలి. ఆయన చేసింది మాత్రం చేసినట్టు ఉండనీ."

అతను సరేనన్నాడు. అన్న వేసిన రంగును తనెందుకు మారుస్తాడు?

పని తన పళ్ళ గదిలోనే చేశాడు. వెలుతురు అక్కడే బాగుంటుంది. భోజనానికని తోటి పనివాళ్ళు బయటికి వెళ్ళగానే బల్ల తుడిచి, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని, బండిని కిటికీ వైపు తిప్పాడు. అలవాటు ప్రకారం ముందు పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. నిచ్చెన బాగుంది. చక్రాలు బాగున్నాయి. ఎడమ తలుపు మీద, సరిగ్గా నంబరు కూర్చోవాల్సిన చోట, పూత నలిగి ఉంది.

చెయ్యి ఎమరీ కాగితం అందుకుంది. నీళ్ళలో ముంచి, పన్ను అంచు రుద్దినంత మెత్తగా, సున్నాలు చుడుతూ రుద్దింది. గుడ్డతో తుడిచి, పాలిష్ పెట్టి, మళ్ళీ తుడిచింది. అతను కట్టుడు పళ్ళ మీద ఊదినట్టే తలుపు మీద నోటి ఆవిరి ఊది చూశాడు. ఆవిరి సమంగా పట్టి, సమంగా పోయింది. బాగుంది అనుకున్నాడు.

తర్వాత నంబరు కత్తిరించి నానబెట్టాడు. కుంచె తడిపి తలుపు మీదికి జార్చాడు. దూదితో కింది నీళ్ళు పీల్చి, పొరను మెత్తబరిచే మందు ఒక చుక్క రాశాడు. ఆ మందు తగలగానే నంబరు ముసలివాళ్ళ పెదవిలా ముడతలు పడింది. కొత్తవాళ్ళు అక్కడే కంగారుపడి సరిచేయబోయి చింపేస్తారు. ముడతలు పడ్డప్పుడు ముట్టుకోకూడదు, దానంతటదే సర్దుకుంటుంది. అతను వెళ్ళి అన్నం తిని వచ్చాడు. వచ్చేసరికి నంబరు రంగుతో రాసినట్టు తలుపులో కలిసిపోయి ఉంది. సంతోషం వేయాల్సిన చోటు అది. బాగా వచ్చిందని తెలిసింది, అంతే.

డికాల్స్ రేగకుండా వాటి మీద చివరి పూత ఒకటి వేయాలి. అతని గదిలో పళ్ళు అరగదీసిన పొడి గాలిలో తేలుతూ ఉంటుంది. అన్న గదిలోనే వేద్దామని సీసా, కుంచె సంచిలో పెట్టుకుని వదిన దగ్గరికి వెళ్ళాడు.

ఇల్లు దాదాపు ఖాళీ అయిపోయింది. అల్మరాలు ఉన్న చోట గోడ కొత్తగా ఉంది. వదిన చేతులు కడుక్కుని, తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని బండిని అందుకుంది. నంబరు చదవలేదు. ఎడమ తలుపును కిటికీ వైపు వంచింది. మళ్ళీ వంచింది. పొరపాటు పడ్డానేమోనన్నట్టు కుడి తలుపు కూడా చూసి, మళ్ళీ ఎడమకే వచ్చింది.

"ఇక్కడ ఆయన వేలు ఉండేది" అంది.

అతను తలుపుకేసి చూశాడు. కిటికీ మొత్తం అందులో కనిపిస్తోంది.

"మచ్చ అనుకున్నాను వదినా." తల అడ్డంగా ఊపాడు. "కాదు. అనుకోనేలేదు. చెయ్యి తీసేసింది."

ఆమె కోప్పడలేదు. ఆ సాయంత్రం ఆయన తలుపు మీద బొటనవేలు పెట్టి, "ఇంకా ఆరలేదే" అని, పోయి కుర్చీలో కూర్చున్నాడని చెప్పింది. అవే ఆఖరి మాటలట. ఎండ కిటికీలోకి వచ్చినప్పుడల్లా బండిని ఇలా వంచి చూసుకునేదట. వేలిముద్ర ఉంచమని నోరు తెరిచి అడగడానికి సిగ్గేసిందట.

"నిన్ను అని ఏం లాభంలే" అంది చివరికి. "ఆయన వేలు చెరపడమేగా ఎప్పుడూ నీ పని."

అతను సంచిలోంచి సీసా తీశాడు. నేల మీద కూర్చుని, నిచ్చెన దగ్గర మొదలుపెట్టి, ఎడమ తలుపు దగ్గర ముగించాడు. వదిన ఎదురుగా పెట్టె మీద కూర్చుని చూస్తూ ఉంది. వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగాక కూడా చాలాసేపు గడిచింది.

"ఆరిందా?" అంది.

"తెలీదు వదినా."

"చూడు మరి."

జన్మలో ఎప్పుడూ తడి పూత మీద వేలు పెట్టినవాడు కాదు. బొటనవేలు చాచాడు, ఆపాడు, నంబరు కింద ఆనించాడు. అంటుకుని, చిన్న చప్పుడుతో ఊడివచ్చింది.

వదిన తలుపును వెలుతురుకు వంచి చాలాసేపు చూసింది.

"ఆయనది కాదు. ఇది నీది" అంది.

అతను ఎమరీ కాగితం కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. ఆమె బండిని తన వైపు జరుపుకుంది.

"ఉండనీ. ఆరాక నేనే పెట్టెలో పెట్టుకుంటా. నువ్వు వెళ్ళు, అక్కడ మీ ఆవిడ నీకోసం చూస్తుంటుంది."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. బొటనవేలికి వార్నిష్ పట్టి ఉంది. చూపుడువేలు దానికి ఆనిస్తే అంటుకుంటోంది, లాగితే వస్తోంది. దిగాల్సిన చోటు వచ్చేదాకా అదే చేస్తూ కూర్చున్నాడు.

భార్య తలుపు తీసి, వేలు అలా ఎత్తి పట్టుకున్నావేంటని, చేతికేమైందని అడిగింది.

"ఇంకా ఆరలేదు" అన్నాడు. ఆ వేలు దేనికీ తగలకుండా పట్టుకుని, చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.