హాలుకు తాళం వేయించింది నేనే

ఎనిమిదేళ్లుగా ఈ మాట గొంతులోనే ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

సౌదీలోని దమ్మామ్‌లో, బయటి దేశాల కుటుంబాలుండే మా కాంపౌండ్‌లో అందరికీ కలిపి ఒక హాలుండేది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి జస్వీందర్ అక్కడ పంజాబీ పిల్లలకు గురుముఖి అక్షరాలు, సిక్కు గురువుల కథలు చెప్పేది. పదింటికి నేను తెలుగు చెప్పేదాన్ని. ఆమెకు పద్దెనిమిది మంది. నాకు నలుగురు, అందులో ఇద్దరు నిద్రమొహాలు.

అది చాలదన్నట్టు మా అమ్మాయి గంట ముందే వెళ్లి ఆమె క్లాసులో కూర్చునేది. తలకు చున్నీ కప్పుకుని, చివర్లో వాళ్లు పంచే ప్రసాదం, గోధుమపిండి హల్వా, దోసిలి పట్టి తీసుకునేది. "మీ క్లాసులో ఏమీ పెట్టరుగా అమ్మా" అనేది. ఒకరోజు తన పేరు గురుముఖిలో రాసి చూపించింది. తెలుగులో దానికింకా ఒత్తులే రావు. నాకు ఒళ్లు మండిపోయింది. అసూయే. దానికి ఇంకో పేరు పెట్టి చూశాను, అతకలేదు.

ఆ వారమే కాంపౌండ్ మేనేజరు కనిపిస్తే, అడగకపోయినా చెప్పాను. అక్కడ చదువొక్కటే కాదు, ప్రార్థన చేసి ప్రసాదం కూడా పంచుతున్నారని. అబద్ధం కాదు. ఇన్నాళ్లూ నన్ను నేను సమర్థించుకోవడానికి దొరికింది ఆ ఒక్క ముక్కే. కానీ ఇస్లాం తప్ప వేరే ప్రార్థనలు బయట చేయకూడని ఈ దేశంలో ఆ మాట ఎంత దూరం పోతుందో, ఆమె భర్త ఉద్యోగానికే ఎసరు పెట్టగలదో, తెలియకుండానే అన్నానా? తెలుసు. తెలిసే గొంతు తగ్గించి చెప్పాను.

మరుసటి శుక్రవారం హాలుకు తాళం. నా క్లాసు కూడా పోతుందని మాత్రం నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం జస్వీందర్ మా ఇంటికొచ్చింది.

"ఎవరో చెప్పారట దీదీ. ఎవరై ఉంటారు?" అని హిందీలో అడిగింది.

"పతా నహీఁ" అన్నాను, తెలియదని.

"పోనీలెండి. ఇక మా ఇంట్లోనే. తొమ్మిదికి నేను, పదికి మీరు."

రెండేళ్లు ఆమె ఇంట్లో, ఆమె బోర్డు మీద, ఆమె ఇచ్చిన టీ తాగుతూ అఆలు దిద్దించాను. గుమ్మం ముందు చెప్పులు కనబడితే ఎవరైనా లెక్కపెడతారని, పిల్లల చేత చెప్పులు సంచిలో వేయించి లోపలికి తెప్పించేది. హల్వా మానేసింది. భయపడి ఒక్కొక్కరే రావడం మానేస్తే, పద్దెనిమిది మంది ఆరుగురయ్యారు. ఆ సంచి చూసిన ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు.

ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ తిరిగి రాకుండా, ఇండియాకు వెళ్లిపోతూ జస్వీందర్ ఆ బోర్డు నా చేతిలో పెట్టింది. "మీరైనా ఆపకండి దీదీ" అంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను.

ఇప్పటికీ పండగలకు ఆమె మెసేజ్ వస్తుంది. నేను దండం బొమ్మ పెడతాను. ఈరోజు మా ఇంట్లో తెలుగు క్లాసయ్యాక, పిల్లలు వెళ్లిపోయాక, ఆ బోర్డు మీదే రాశాను: చెప్పింది నేనే జస్వీందర్. కాసేపు చూశాను. ఊపిరి కాస్త ఆడింది. తర్వాత తుడిచేశాను.