పెదనాన్న పారేసిన ఫిలిం

మా పెదనాన్న టైలరు. చొక్కాలు తప్ప మరేదీ కుట్టడు. ప్యాంటు గుడ్డ పట్టుకొచ్చినవాణ్ణి మొహమాటం లేకుండా పక్క కొట్టుకు పంపేస్తాడు. నలభై ఏళ్లుగా ఆయన కాలర్లకు మంచి పేరుంది. ఆ పేరులో సగం ఎక్స్‌రే ఫిలింలది. కాలరు గుడ్డ కత్తిరించడానికి అట్టతో కోసిన అచ్చు అంచులు నెలకే మెత్తబడతాయి, ఫిలిం అచ్చు ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. అందుకని చుట్టాల్లో ఎవరికి ఎముక విరిగినా ముందు పరామర్శ, తర్వాత ఫిలిం అడగడం. విరిగిన నా మణికట్టు ఒక కాలరైంది. మా పిన్ని మోకాలు కఫ్ అయింది. ఆవిడ మోకాలు అరిగింది గానీ తన కఫ్ అరగలేదని పెదనాన్న వేళాకోళమాడేవాడు.

రెండేళ్ల కిందట గుండీలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, ఆ ఫిలింల నిండా రేడియేషన్ ఉంటుందని, ముట్టుకుంటే ఒంట్లోకి దిగుతుందని చెప్పి, తన గుండీలు కుట్టించుకుని చక్కా పోయాడు. తెలిసీ తెలియని మాట ఒకటి విసిరేసి పోయేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. దేనికీ బెదరని మా పెదనాన్న ఆ మాటకు బెదిరిపోయాడు. అచ్చులన్నీ గోనెసంచిలో కుక్కి చెత్తబండికి ఎత్తించాడు. ఐదేళ్ల కిందట వదలని జ్వరానికి తీయించిన ఆయన ఛాతీ ఫిలిం, ఇంకా కత్తెర పడనిది, వాటితోపాటే పోయింది. మళ్లీ అట్ట అచ్చులు మొదలయ్యాయి. కాలరు కొసలు ఒకటి తూర్పు చూస్తే ఒకటి పడమర చూసేవి.

ఈ ఏడు ఆయనకు దగ్గు పట్టుకుని నెలన్నరైనా వదల్లేదు. పెద్దమ్మ పోరగా పోరగా ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఒంట్లోకి దిగిన కిరణాలు అంటుకుంటాయని ఆ తర్వాత మూడు రోజులు మనవరాలిని దగ్గరికి రానివ్వలేదు, కంచం విడిగా పెట్టించుకున్నాడు. పెద్దమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కుడి ఊపిరితిత్తి పైభాగాన చిన్న మచ్చ కనిపించింది. పాత ఫిలిం ఏమైనా ఉందా అని డాక్టరు అడిగాడు. అందులోనూ ఈ మచ్చ ఇలాగే ఉంటే పాత జబ్బు ఆనవాలే, వదిలేయవచ్చు. లేకపోతే క్యాన్సరేమో చూడాలి, సీటీ స్కాన్ తప్పదన్నాడు. ఫిలిం లేదన్నాడు పెదనాన్న. ఎందుకు లేదో చెప్పలేదు. స్కాన్‌లో కిరణాలు ఎక్కువా అని మాత్రం అడిగాడు. ఛాతీ ఎక్స్‌రే కంటే పదుల రెట్లని డాక్టరు దాచకుండా చెప్పాడు. ఈయన చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాడు.

వారం రోజులు ఎవరి మాటా చెవికెక్కించుకోలేదు. మచ్చతోనైనా బతకొచ్చు గానీ ఆ కిరణాలతో బతకలేనన్నాడు. నాకు కోపం, అంతకుమించి భయం. చివరికి, స్కాన్ వద్దు, తీసేవాళ్లతో మాట్లాడి వచ్చేద్దామని బతిమాలి తీసుకెళ్లాను.

స్కాన్ తీసే అమ్మాయి ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. గదిలో లైటు ఆర్పితే వెలుతురు గోడకు అంటుకుని ఉండదు కదా, ఇదీ అంతేనంది. మిషను ఆగితే కిరణాలూ ఉండవు, ఒంట్లో మిగలవు, పక్కవాళ్లకు అంటవు. తీసేటప్పుడు ఒంటికి తగిలినంతే లెక్క. వాటివల్ల ఎప్పుడో ఏదైనా అయ్యే అవకాశం ఉన్నా చాలా తక్కువని, మచ్చ సంగతి తేల్చకపోవడమే ఇప్పుడు పెద్ద ప్రమాదమని అంది.

పెదనాన్న తన చేతులు చూసుకున్నాడు.

"అయితే ఆ ఫిలింలో ఏమీ ఉండదా అమ్మా?"

"ఏమీ ఉండదండీ. మీ బొమ్మ తప్ప."

ఆయన చొక్కా విప్పి, మడతపెట్టి నా చేతికిచ్చి లోపలికెళ్లాడు.

మర్నాడు డాక్టరు స్కాన్ చూసి, అది గట్టిపడిపోయిన పాత మచ్చేనని, చాలా ఏళ్ల కిందటిదని తేల్చాడు. పాత ఫిలిం ఉండి ఉంటే ఈ స్కానే అక్కర్లేకపోయేదని మామూలుగానే అన్నాడు. పెదనాన్న కొత్త ఫిలింల కవరు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

"దీన్ని ఎన్నాళ్లు దాచాలి బాబూ?"

"మీరున్నన్నాళ్లూ," అన్నాడు డాక్టరు.