బొట్టుబిళ్ల దాటని ముల్లు

కొత్త టైరు వాసన తగిలితే నాకు ముందు భయం వేస్తుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది. మొన్న కోరుట్లలో టైర్ల దుకాణం ముందు నా పికప్ బండికి పంక్చర్ వేయిస్తూ బల్ల మీద కూర్చున్నాను. పక్కనే నా కొడుకు వయసున్న ముగ్గురు పికప్ ఓనర్లు ఒక బండి చుట్టూ చేరి కొట్లాడుకుంటున్నారు. ఆ బండికి నడుమెత్తు టైర్లు, ముందు ఇనుప గార్డు, నెత్తిన వరుసగా లైట్లు. "గుట్టలెక్కుతదిరా, బురదల దిగబడుడు అన్నదే లేదు," అంటున్నాడు ఓనరు. రెండోవాడు ఫోను ముందుకు చాపి, "గని నీ మీటరు అబద్ధం చెప్తుంది. మీటర్ల యాభై ఉంటే ఫోన్ల అరవై చూపెడుతుంది," అన్నాడు. "నీ ఫోనే కరాబైంది," అన్నాడు ఓనరు. నేను పైట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. ఫోన్లు లేని రోజుల్లోనే ఈ పంచాయితీ నేను విన్నాను. దాన్ని తేల్చింది లింబాద్రి కాక. సాక్షి నా నుదుటి మీది బొట్టుబిళ్ల.

కాక మాకు చుట్టం కాదు. కోరుట్ల మనిషి. పాత జీపు ఒకటి కొని, వెనక భాగం కోయించి బల్లలు వేయించి, సగం మనుషులకూ సగం మూటలకూ సరిపోయేలా పికప్‌గా మార్చుకున్నాడు. నేను సిరిసిల్లదాన్ని. మా ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాడు. రంగు వేయించిన ఆ గుడ్డతో నేను లంగాలు కుట్టి, మూటలు కట్టుకుని రుద్రంగి, వీర్నపల్లి, కోరుట్ల వారపు అంగళ్లలో అమ్మేదాన్ని. బరువు మూటలతో బస్సెక్కితే కండక్టరు ముఖం మాడ్చేవాడు, అందుకని కాక జీపే నాకు దిక్కయింది. ముందు సీటు నాదే. కాక సన్నటి మనిషి, మెడలో తువ్వాల, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. తొందర అన్నది ఆయన ఒంట్లో లేదు. "ఎప్పుడు చేరుతం కాకా?" అని అడిగితే "చేరుతం" అనేవాడు. ఎప్పుడు అన్న మాట మాత్రం ఆయన చెవికెక్కేది కాదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. నేను చేరేసరికి అంగడిలో మంచి జాగాలన్నీ పోయేవి మరి.

అవి అడవిలో నక్సలైట్ అన్నలు, రోడ్డు మీద పోలీసులు ఉన్న రోజులు. జీపున్నవాడు ఇద్దరికీ జవాబు చెప్పుకోవాలి. సొంత జీపుల్లో తిరిగితే కల్వర్టు కింద మందుపాతర పేలుతుందని పోలీసులు మామూలు బట్టలు వేసుకుని ప్రైవేటు జీపుల్లో తిరిగేవారు. జీపు ఇమ్మని అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆ సంగతి అన్నలకూ తెలుసు. కాబట్టి దూరం నుంచి వచ్చే జీపులో ఉన్నది ఎవరు అన్నదే అందరి ప్రాణాల మీది ప్రశ్న. కోరుట్ల అడ్డా మీద చాయ తాగే జీపు ఓనర్లంతా ఆ రోజుల్లో మాట్లాడుకున్నది ఈ రెండే: బండి బురదలో దిగబడకుండా ఏం చేయాలి, మనం మధ్యలో ఇరుక్కోకుండా ఏం చేయాలి. మొదటిదానికి మందు దొరికిందనుకుని రెండోదాన్ని మరిచిపోయాం.

ఆ ఏడు వానలకు వీర్నపల్లి తోవలో జీపు ప్రతిసారీ దిగబడింది. దిగి తోసీ తోసీ నా చీరలన్నీ బురద రంగుకు తిరిగాయి. కాక మేనల్లుడు గంగాధర్ మెకానిక్ పని చేసేవాడు. ఎక్కడో మిలటరీ సామాను వేలంలో పెద్ద టైర్లు, ముందు గార్డు, బానెట్ పక్కన పెట్టే సర్చిలైటు, పైన కప్పే మందపాటి ఆకుపచ్చ టార్పాలిన్ పట్టుకొచ్చి బిగించాడు. అడ్డా మీద ఓనర్లంతా చుట్టూ మూగారు. "గిప్పుడు బండి లెక్క కనబడుతుంది కాకా," అన్నాడొకడు. కాక కొత్త పెండ్లికొడుకులా మురిసిపోయాడు. నేనూ మురిశాను, ఇక తోసే పని తప్పిందని.

నిజంగానే బండి ఎక్కడా ఆగలేదు. కానీ కాక ముఖంలో ఏదో తేడా. కాసేపు ముల్లు వంక చూస్తాడు, కాసేపు రోడ్డు పక్క చెట్ల వంక చూస్తాడు. "బిడ్డా, చెట్లు జల్ది జల్ది పోతున్నయి. ముల్లేమో ముప్పై మీద్నే ఉన్నది. ఎవలు అబద్ధం చెప్తున్నరు?" అన్నాడు.

"చెట్లు అబద్ధమెందుకు చెప్తయి కాకా," అన్నాను.

నా చేతికి గడియారం ఉండేది. ముల్లును ముప్పై మీద నిలబెట్టి, ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి టైము చూడమన్నాడు. రెండు నిమిషాలు పట్టాలి. రెండు నిమిషాలు కాకముందే రాయి మమ్మల్ని దాటి వెనక్కి పోయింది. మళ్లీ చూశాం, మళ్లీ అంతే. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు ఆ సంగతి తెలియదు, పాత టైరు లెక్కే చెబుతుంది. ముల్లు ఇరవై ఐదు మీద ఉన్నప్పుడు అసలు ముప్పై అవుతుందని తేలింది. అడవి తోవలో ముప్పై దాటకూడదన్నది కాక పట్టింపు. గుర్తు పెట్టడానికి సుద్దముక్క కూడా లేదు. నా నుదుటి బొట్టుబిళ్ల తీసి మీటరు అద్దం మీద ఇరవై ఐదు దగ్గర అంటించాను. కాక పడీ పడీ నవ్వాడు. "ఇగ నా బండికి ముత్తైదువ కావలి," అన్నాడు. అంత నవ్వినవాడు ఆ రోజు నుంచి అడవి తోవలో ముల్లును బొట్టు దాటనియ్యలేదు. వెనక కూర్చున్నవాళ్లు సణిగినా సరే, నేను సణిగినా సరే.

ఒక మధ్యాహ్నం వీర్నపల్లి అంగడి చూసుకుని వస్తున్నాం. వెనక బల్లల మీద ఆడవాళ్లే. వాళ్లలో చెవులు సరిగా వినపడని ముసలమ్మ ఒకామె బుట్ట పట్టుకుని అంచున కూర్చుంది. అడవిలో కల్వర్టు ఇంకా కాస్త దూరముందనగా పొదల్లోంచి ఒక పిల్లగాడు రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తాడు. భుజాన తుపాకి. కాక జీపు ఆపాడు. ఆ అబ్బాయి బండి చుట్టూ తిరిగి టైర్లు చూశాడు, లైటు చూశాడు, టార్పాలిన్ ఎత్తి లోపలున్న ఆడవాళ్లను చూశాడు. చూసి రోడ్డు పక్కన కూలబడ్డాడు.

"ఎవని బండే ఇది?" అన్నాడు.

"నాదే బిడ్డా."

"బుద్ధున్నదా నీకు? గీ టైర్లేంది, గీ లైటేంది, గీ మిలటరీ పరదా ఏంది? పోలీసోళ్లే అనుకున్నం. మందుపాతర వైరు చేతిల పట్టుకొని కూసున్న."

కాక తువ్వాలతో ముఖం తుడుచుకుని, "మరి ఎట్ల ఆగినవు బిడ్డా?" అన్నాడు.

"గింత మెల్లగ పోలీసోళ్లు రారు. ఎవలో చూద్దామని జర ఆగిన. ఆగినంతల ముందు కూసున్న ఈ అక్క ముఖం కనబడ్డది." అతను లేచి మా వైపు చూడకుండా, "పోండ్రి. రేపు గీ అవతారంల రాకుండ్రి," అన్నాడు.

అడవి దాటాక కాక జీపును పక్కకు తీసి, స్టీరింగు మీద తల పెట్టి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇంట్లో నా ఇద్దరు పిల్లలు కళ్లలో మెదిలారు. వెనక నుంచి ముసలమ్మ, "ఏమాయెరా, డీజిలైపోయిందా?" అని అరిచింది. ఆమెకు ఏ సంగతీ తెలియదు. కాక కళ్లు తుడుచుకుని, "లేదవ్వా, ఇంజను జర కాగింది," అన్నాడు.

ఆ రాత్రి ఆయన సిరిసిల్లలో మా ఇంట్లోనే ఆగాడు. తెల్లారి గార్డు, లైటు విప్పించాడు. టైర్లు ఉండనిచ్చాడు, వానలు పోలేదు కాబట్టి. ఇక మిగిలింది పైకప్పు. ఖాకీ అంటే పోలీసు. ఆకుపచ్చ అంటే మిలటరీ. ఎరుపు అంటే అన్నలు. పసుపు అంటే ఒక పార్టీ, ఇంకో రంగంటే ఇంకో పార్టీ. మా ఇంట్లో తాన్లన్నీ తిరగేసి చివరికి వంకాయరంగు లంగా గుడ్డ దగ్గర ఆగాం. అది లంగా తప్ప ఇంకేదీ కాదు, ఏ పార్టీ వాడూ అది తనదని అనడు. నేను టార్పాలిన్ మీద దాన్ని తొడుగులా కుట్టాను. కుట్టు అలవాటు కొద్దీ అంచున ఒక కుచ్చు కూడా వచ్చేసింది. విప్పబోతే కాక వద్దన్నాడు.

కోరుట్ల అడ్డా మీద ఆ రోజు పండగే. "లంగా జీపు వచ్చిందిరో," అని ఓనర్లు ఈలలు వేశారు. గంగాధర్ సిగ్గుతో చచ్చిపోయాడు. "మామా, ఇజ్జత్ పోయింది," అన్నాడు. కాక చాయ ఊదుకుంటూ, "పోనీరా. దూరంకెళ్లి చూసినోడు నవ్వాలె. నవ్వుకుంట ఎవ్వడు పేల్చడు," అన్నాడు. కొన్నాళ్లకు జీపులు కావాలని ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ అడ్డా మీదికొచ్చాడు. వరుసలో ఒక్కో జీపూ చూస్తూ వచ్చి, కాక జీపు దగ్గర ఆగి, కుచ్చు వంక చూశాడు. "ఏందయ్యా ఇది?" అన్నాడు. "లంగా గుడ్డ సార్, సిరిసిల్లది. గట్టిగుంటది, మీకు కావాల్నంటె తీస్కపోండ్రి," అన్నాడు కాక వినయంగా. వెనకున్న కానిస్టేబుళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఎస్సై పక్క జీపు ఎక్కి వెళ్లిపోయాడు. మళ్లీ కాక జీపును ఎవరూ అడగలేదు. ఆ తర్వాత అడ్డా మీద ఈలలు తగ్గాయి. ఇంకో ఇద్దరు ఓనర్లు చాటుగా నా దగ్గరికొచ్చి తొడుగులు కుట్టించుకున్నారు, కుచ్చు మాత్రం వద్దన్నారు.

నాకు బండి నడపడం నేర్పిందీ కాకే. ఆడదానికి స్టీరింగెందుకని మా వాడలో అంటున్నా వినకుండా, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తను పక్కన కూర్చుని వక్క నములుతూ ఊరంతా తిప్పించాడు. గేర్లు, బ్రేకులు ఎవరైనా నేర్పుతారు. ఆయన ఒక్కటే మళ్లీ మళ్లీ చెప్పేవాడు: "ఎంత స్పీడు పోవాల్నని మీటర్నడుగకు బిడ్డా. లోపలున్నోళ్ల ముఖం బయటోనికి కనబడాలె. గంతే."

కాక పోయింది చాలా ఏళ్లకు, అడవిలో అన్నలూ రోడ్డు మీద క్యాంపులూ లేకుండా పోయాక, జగిత్యాల ఆసుపత్రిలో, ముసలితనంతో. కోరుట్లకు నా పికప్‌లోనే తీసుకెళ్లాను. వెనక తలుపు దించి, ఆయన ముఖం మీద గుడ్డ తీసి పెట్టాం. పక్కన కూర్చున్న గంగాధర్, "అక్కా, జర జల్ది పోనియ్యి, పొద్దుగూకుతుంది," అన్నాడు. నేను పోనివ్వలేదు. తోవలో ఊరూరా జనం రోడ్డు మీదికొచ్చి చూశారు. ఒక ఊళ్లో చాయ హోటలు ముందు ఎవరో ముసలాయన లేచి నిలబడి, "లంగా జీపు లింబాద్రేరా!" అని తలకు చుట్టిన తువ్వాల తీశాడు. హోటల్లో ఉన్నవాళ్లంతా లేచారు. గంగాధర్ నా పక్కన కూర్చుని ఏడుస్తూనే ఉన్నాడు.

మొన్న పంక్చర్ అయిపోయాక, పెద్ద టైర్ల ఓనరు నా బండిలోకి తొంగి చూశాడు. "పెద్దమ్మా, మీ మీటరు మీద బొట్టు ఎందుకున్నది? మీటరు తప్పు చెప్తుందా?" అన్నాడు. నా టైర్లు కంపెనీవి, మీటరు సరిగానే ఉంది. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక, "మా కాక పెట్టమన్నడు బిడ్డా," అన్నాను. ఎండకు దాని జిగురు పోయి ఒక పక్క లేస్తోంది. నుదుటి మీదది తీసి దాని చోట అంటించి, మెల్లగా బండి తీశాను. ఊరు దాటేదాకా రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు నా ముఖం గుర్తుపట్టి పలకరింపుగా చెయ్యెత్తుతూనే ఉన్నారు.