మరచెంబులో కొండ నీళ్ళు

నా చిన్నప్పుడు కొండ ఎక్కడమంటే మా వైపు ఎవరికీ సరదా కాదు, అవసరం. ఇప్పుడు మా మనవరాలు నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, తనంత సంచీ వీపుకు తగిలించుకుని ట్రెక్కింగు అంటూ బయల్దేరుతుంది. ఆ సంచీలో నీళ్ళ తిత్తి, దానికో గొట్టం. నడుస్తూనే పీల్చుకోవచ్చట. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ వెంటనే మా తాతయ్యా నేనూ నడిచిన రోజు గుర్తొచ్చి, నవ్వు ఆగిపోతుంది.

మాది ద్రాక్షారామం దగ్గర ఊరు. ఎటు చూసినా కాలవలు, వరిచేలు. నేను మూడో తరగతిలో ఉండగా మా అమ్మకు కామెర్లు ముదిరాయి. పట్నంలో ఆసుపత్రివాళ్ళు కొన్నాళ్ళు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో పెద్దవాళ్ళకు తెలుసు, నాకే తెలియదు. రంపచోడవరం అవతల కొండల్లో పసరు మందు ఇచ్చే ముసలాయన ఉన్నాడని పక్కింటి అక్క చెప్పింది. ఆ మందు తెచ్చేవాళ్ళు ఇల్లు చేరేదాకా దాన్ని నేల మీద పెట్టకూడదట. వెనక్కి తిరిగి చూడకూడదట. కడుపున పుట్టిన బిడ్డ మోసుకొస్తే గుణం ఇంకా ఎక్కువట. మా అమ్మకు నేనొక్కదాన్నే.

తాతయ్య అంటే అమ్మకు నాన్న. బడిపంతులుగా చేసి, చర్చిలో సంఘపెద్దగా ఉండేవారు. పసర్లూ తాయెత్తులూ అంటే ఆయనకు ఒళ్ళు మంట. అయినా నేను కాళ్ళు చుట్టేసుకుని ఏడ్చేసరికి "సరే, పదమ్మా" అన్నారు. మునిగేవాడికి గడ్డిపోచ ఆధారం అంటారు కదా. ఆయన ఆ పోచను నా కోసమే పట్టుకున్నారని ఇప్పుడు అనిపిస్తుంది.

ముందురోజు బస్సులో వెళ్ళి, రంపచోడవరంలో తెలిసిన పాస్టరు గారింట్లో ఆగి, తెల్లవారగానే కొండదారి పట్టాం. మందాయనకు ఇవ్వడానికి బియ్యం, ఉప్పు, ఎండుచేపలు మూటగట్టి తాతయ్య పంచెతో వీపుకు బిగించుకున్నారు. నా వీపున మందు కోసం ఇత్తడి మరచెంబు. పక్కింటి అక్క దాన్ని చింతపండుతో తోమి, తడి లేకుండా తుడిచి, మూత మర బిగించి మరీ ఇచ్చింది. తాగడానికి మాత్రం మేం చుక్క నీళ్ళు తెచ్చుకోలేదు. దారిలో కాలవ తగలకపోతుందా అనుకున్నాం. గుమ్మం దిగితే నీళ్ళుండే ఊరివాళ్ళం, నీళ్ళు లేని దారి ఒకటుంటుందని మా బుర్రకు తట్టనే లేదు. నడక కూడా అంతే. చేనుగట్టు మీద నడిచినట్టు మొదట్లోనే గబగబా నడిచేశాం.

మొదటి కొండ సగం ఎక్కేసరికి నా నాలుక పిడచకట్టుకుపోయింది. తాతయ్య ముఖం పాలిపోయింది. వెదురుపొదల మధ్య దారి ఎక్కుతూనే ఉంది. ఒక కొండ అయిందనుకుంటే దాని వెనక ఇంకొకటి. ఖాళీ చెంబు అడుగడుక్కీ నా వెన్నుపూసకు కొట్టుకునేది. పొద్దు నడినెత్తికి వచ్చాక ఒక బండ కింద ఊట కనిపిస్తే, బోర్లా పడుకుని పశువుల్లా తాగాం. ఆ పైనే మందాయన పాక.

ఆయన తాతయ్యను కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగాడు. పొట్ట ఉబ్బిందా అన్నాడు. ఉబ్బిందన్నారు తాతయ్య.

"మనిషిని గుర్తుపడుతోందా?"

"నిన్న నన్నే ఎవరండీ అని అడిగిందండి" అన్నారు తాతయ్య.

"అయితే నా ఆకు పనిచెయ్యదయ్యా. ఇచ్చి పంపితే మోసం చేసినట్టే" అన్నాడాయన. మూట కూడా వద్దన్నాడు. తాతయ్య దాన్ని పాక అరుగు మీద పెట్టి, దణ్ణం పెట్టి లేచారు.

ఊట దగ్గరికి రాగానే నేను కూలబడి, ఇంకెందుకు తాతయ్యా ఇంటికి వెళ్ళడం అన్నాను. ఆయన వంగి, నా వీపు మీద చెంబు విప్పి, ఊట కింద పట్టి, నిండాక మర బిగించారు.

"అమ్మకి పట్టుకెళ్దాం."

"అది మందు కాదుగా."

"కాదమ్మా. నీళ్ళే."

"మరి తగ్గదుగా?"

"తగ్గదు" అన్నారు.

అమ్మకు జబ్బు చేశాక ఒక పెద్దమనిషి నాతో నిజం చెప్పడం అదే మొదటిసారి. నేను గట్టిగా ఏడ్చాను. ఆయనా ఏడ్చారు. కళ్ళు తుడుచుకున్నాక చెంబు నా వీపుకు కట్టి, "కింద పెట్టకు, వెనక్కి చూడకు" అన్నారు. ఆ కట్టుబాట్లను అంతవరకూ ఎగతాళి చేసిన మనిషే.

దిగేటప్పుడు మళ్ళీ దాహమేసింది. చెంబులో నీళ్ళు నా వీపు వెనక తొణుకుతూనే ఉన్నాయి. ఇద్దరికీ వినిపిస్తోంది, ఇద్దరం ఆ ఊసెత్తలేదు. నడవలేక నేను కూర్చుంటే ఆయన చెంబు తీసుకుని నిలబడేవారు. నేను కూర్చున్నంతసేపూ ఆ ముసలి మోకాళ్ళ మీద అలా నిలబడే ఉన్నారు. ఆ రాత్రి పాస్టరు గారింట్లో చిలక్కొయ్యకు తగిలించి, మర్నాడు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకునే వచ్చారు.

ఇంటికొచ్చాక నా చేత్తోనే అమ్మ నోట్లో పోశాను. సగం చెంపల మీదుగా కారిపోయాయి. బస్సులో ఎండకు ఆ నీళ్ళు ఎప్పుడో వెచ్చబడ్డాయి. అమ్మ నా వైపు చూసి, ఎవరో పరాయి మనిషితో అన్నట్టు, "చల్లగా ఉన్నాయండి" అంది. మా అమ్మ నాతో అన్న ఆఖరి మాట అదే. ఆ ఆదివారం చూడకుండానే పోయింది.

నేనిప్పుడు అప్పటి తాతయ్య వయసు దాటాను. డాక్టర్లు చేతులెత్తేసినవాళ్ళను చూడ్డానికి వెళ్ళినప్పుడు తగ్గిపోతుందని నేను చెప్పను, చెప్పలేను. ఇంట్లో కాచిన నీళ్ళో, జావో ఫ్లాస్కులో పోసి తీసుకెళ్తాను. దానివల్ల ఎవరూ బతకలేదు. మొన్న బస్సు కిక్కిరిసి ఉంటే, తోడొచ్చిన మా మనవరాలు "ఫ్లాస్కు కింద పెట్టొచ్చుగా అమ్మమ్మా, చెయ్యి నొప్పెట్టడం లేదా?" అంది. నొప్పెడుతోందనే చెప్పాను. కింద మాత్రం పెట్టలేదు.