నాలుగో పాటలో మూడు సెకన్లు

మా అన్నయ్యని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ పాటలాయనే. ఇప్పుడు ఫోన్ల తెరలు పగలకుండా వాటి మీద గ్లాసులు అతికించుకుని బతుకుతున్నా పాటలాయనే. నేనాయన చెల్లెల్ని. ఆయన షాపు పక్క గదిలో గేమ్ సెంటర్ నడుపుతాను. ఆరు మిషన్లు, ఆరు కుర్చీలు, ఆరు హెడ్‌ఫోన్లు, వాటిని తగిలించుకుని రోజంతా అరిచే గాడిదలు. "ఆంటీ, లైటు ఆపండి, స్క్రీన్ మీద పడుతోంది" అంటారు. ఆపుతాను. చీకట్లో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారు. గేములాడి కుర్రాళ్ళు చెడిపోతున్నారని పెద్దవాళ్ళు నన్ను తిడుతుంటారు. తిట్టుకోనీ. గేములో చచ్చినవాడు పది సెకన్లలో మళ్ళీ లేచి వస్తాడు. ఆ సుఖం బయట ఎక్కడుందో చూపించమనండి, రేపే షట్టరు మూసేస్తా.

అప్పట్లో అన్నయ్యది మెమరీ కార్డుల వ్యాపారం. వేలిగోరంత కార్డు తెచ్చిస్తే అందులో రెండొందల పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. పాట ఎవరిదో, దానికి ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలో ఆయన ఆలోచించలేదు, కొన్నవాళ్ళూ అడగలేదు. కానీ పాటల వరస మాత్రం ఆయన సొంతం. బస్సు డ్రైవరుకి ఒక వరస, సెలూనుకి ఒక వరస, కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఒక వరస. వెనక వీధి షాపువాడు ఆ వరసని ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయి అమ్ముకుంటున్నాడని తెలిసిన రోజు ఒంటికాలి మీద లేచాడు.

"నా కష్టం దొంగిలిస్తాడా వాడు!"

"మరి నువ్వు చేస్తున్నదేంటి అన్నయ్యా?" అన్నాను. నా నోరు ఊరుకోదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

దొంగని పట్టుకోడానికి ముద్ర వేయడం మొదలుపెట్టాడు. ప్రతి కార్డులోనూ నాలుగో పాట, మొదటి చరణం అయ్యాక వాయిద్యాలు మోగేచోట, మూడు సెకన్ల గొంతు ఇరికించేవాడు. అది ఎక్కడ వినపడినా తన కార్డు కాపీయేనని తెలిసిపోతుంది. షాపు పేరు చెప్పిద్దామని ఏడేళ్ళ కూతుర్ని మైకు ముందు కూర్చోబెట్టాడు. ఒక్కచోట నిలవదని దాన్ని పిచ్చుక అనేవాళ్ళం. అది షాపు పేరు చెప్తుందా? కౌంటరు కిందకి దూరి, "నాన్నా, నేనెక్కడున్నానో చెప్పుకో చూద్దాం!" అంది. అన్నయ్యకి అదే ముద్దొచ్చింది. అదే ముద్ర అయిపోయింది.

మరుసటి ఏడు నాలుగు రోజుల జ్వరంతో పిచ్చుక పోయింది.

ఫోటోలు మిగిలాయి. గొంతు మిగల్లేదు. ఉన్న వీడియోలన్నీ అన్నయ్యే చెరిపేశాడు, అది బతికుండగానే. కొత్త పాటలు వచ్చాయి, ఫోన్లో చోటు చాలట్లేదు, పిల్ల ఎదురుగానే ఉంది కదా, మళ్ళీ తీసుకోవచ్చులే అనుకున్నాడు. ఇంకెవరూ చెయ్యని పని ఇది, పాటలమ్ముకునేవాడే చేస్తాడు. అది పోయిన నెలకి షాపు కంప్యూటరుని కూడా పాత ఇనుప సామాన్లకి వేసేశాడు. అప్పుడాయన మనిషి మనిషిలో లేడు. ఆపాల్సింది నేను. అందులో దాని గొంతుందని నాకూ తోచలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు నెలల తర్వాత అన్నయ్య, వదిన, నేను బస్సులో వెళ్తున్నాం. మధ్యాహ్నం పూట, సగం సీట్లు ఖాళీ. డ్రైవరు పాటలు పెట్టాడు. మొదటిది, రెండోది, మూడోది. ఆ వరస ఎక్కడో విన్నట్టుందే అనుకుంటున్నాను. నాలుగో పాటలో మొదటి చరణం అయింది. మా నెత్తి మీదున్న స్పీకర్లోంచి పిచ్చుక, "నాన్నా, నేనెక్కడున్నానో చెప్పుకో చూద్దాం!" అంది.

వదిన నడుస్తున్న బస్సులో లేచి నిలబడి, "దించండి, నన్ను దించండి" అని అరిచింది. ఎండలో ఇంటిదాకా నడిచే వెళ్ళింది, నేను వెనకాలే. అన్నయ్య మాత్రం దిగలేదు. ఆ పాట మళ్ళీ వస్తుందని బస్సు చివరి స్టాపుదాకా కూర్చున్నాడు.

ఆ తర్వాత అది ఎక్కడ పడితే అక్కడ వినపడేది. సెలూన్లో, చెప్పుల షాపులో, మేడ కడుతున్నచోట తాపీ మేస్త్రి ఫోన్లో. ఏ దొంగల్ని నోటికొచ్చినట్టు తిట్టాడో ఆ దొంగలే పిచ్చుకని వీధి వీధికీ మోసుకెళ్ళారు. అన్నయ్య వాళ్ళ షాపుల ముందు నిలబడేవాడు, నాలుగో పాట వచ్చేదాకా. వదిన బస్సెక్కడం మానేసింది. "పిల్లని పడుకోనివ్వండి, ఆ గొంతు నా ఇంట్లోకి తేవద్దు" అని ఆయనకి గట్టిగా చెప్పేసింది. ఇద్దరిదీ తప్పనలేం, ఏం చేస్తాం?

మెల్లగా కార్డులు పోయాయి. పాటలు గాల్లోకి వెళ్ళిపోయాయి. నెలనెలా కడితే లోకంలో ఉన్న పాటలన్నీ నీవి, కట్టడం మానేస్తే ఒక్కటీ నీది కాదు. అదేం కొనడమో నాకైతే అర్థం కాదు. అద్దెకి తెచ్చుకున్న కుర్చీలో కూర్చుని నా కుర్చీ అనుకోవడం. అయినా జనానికి నచ్చింది. శుభ్రమైన పాట, గరగర లేదు, మధ్యలో ఎవరి ముద్రా లేదు. వీధిలో ఒక్కో స్పీకరూ మారుతుంటే అన్నయ్య మొహం చూడలేకపోయేదాన్ని. ఆయనకి పిచ్చుక రెండోసారి పోతున్నట్టుంది.

అప్పుడు మొదలైంది ఆ పిచ్చి. గ్లాసు వేయించుకోడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ, "మీ ఇంట్లో పాత మెమరీ కార్డు ఏదైనా పడుందా? తెచ్చిస్తే గ్లాసు ఊరికే వేస్తా" అనేవాడు. కార్డులు ఒక స్టీలు డబ్బాలో పోగేసేవాడు. ఒక్కోటీ పెట్టి నేరుగా నాలుగో పాటకి వెళ్ళేవాడు. ప్రతిదాన్లోనూ అవే మూడు సెకన్లు.

నాకు తిక్క రేగింది. "ఒక్కటుంటే చాలదా అన్నయ్యా? అన్నిట్లో అదే కదా!"

చేతిలో కార్డు పక్కన పెట్టి చెప్పాడు. "అదే కాదు చెల్లాయ్. నేను కత్తిరించాను. అసలు రికార్డింగు పెద్దది. ఆ తర్వాత ఇంకేదో అంది అది. కత్తిరించేటప్పుడు విన్నాను, ఏమందో గుర్తు రావట్లేదు. ఒకసారి పని తొందరలో కత్తిరించనిది పెట్టేశాను, ఒకే ఒక్క కార్డులో. ఎవరో ఒకావిడ వచ్చి, పాట మధ్యలో పిల్ల చాలాసేపు మాట్లాడుతోందండీ అంది. రేపు తెండి, మార్చిస్తా అన్నాను. ఆవిడ రాలేదు."

"ఎవరావిడ?"

"నేను తలెత్తి చూస్తేగా."

ఇన్నేళ్ళుగా ఆయన వెతుకుతున్నది ఆ కార్డు కోసం. ఏమందో తెలిస్తే చాలు అనేవాడు. "తెలియకుండా నేను పోతే, పైన అది అడిగితే ఏం చెప్పను" అనేవాడు.

మొన్నామధ్య ఒకరోజు పట్టపగలు, నాలుగో కుర్చీలో కాలేజీ కుర్రాడు కెవ్వున అరిచి హెడ్‌ఫోన్లు విసిరేశాడు. ఎవరూ లేని ఇంట్లో ఒంటరిగా తిరిగే గేమ్ ఆడుతున్నాడు. "ఆంటీ, గేములో ఎవరో మాట్లాడారు! నన్నే!" అంటాడు. పగిలితే ఎవడు కొంటాడ్రా అని కేకలేస్తూ వాటిని చెవికి పెట్టుకున్నాను. గేము కాదు. వెనకాల ఏదో ఛానెల్లో పాటలు పెట్టుకున్నాడు. ఎవడో పాత పాటని నెమ్మది చేసి, సాగదీసి పెట్టాడు. అదొక ఫ్యాషనట. పాటతోపాటు ముద్రా సాగింది. "నాన్నా... నేనెక్కడున్నానో... చెప్పుకో... చూద్దాం." బరువుగా, నిదానంగా. ఏడేళ్ళ పిల్ల గొంతు కాదది, వయసొచ్చిన ఆడపిల్ల గొంతు. పిచ్చుక ఉంటే ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు.

అన్నయ్యని పిలిచాను. పిలవకుండా ఉండాల్సింది. రెండుసార్లు విన్నాడు. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎదిగింది" అన్నాడు.

"అన్నయ్యా, పిచ్చి వాగుడు వాగకు!"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ రోజు నుంచి నాలుగో కుర్చీలో నేను కూర్చోలేదు, తుడవాల్సొస్తే నిలబడే తుడుస్తాను.

ఎండ లోపలికి పడుతోందని కుర్రాళ్ళు సతాయిస్తుంటే కిటికీకి నల్ల కర్టెన్ కుట్టిద్దామని పోయిన వారం బట్ట తీసుకుని టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. కుట్టు మిషను పక్కన అరిగిపోయిన చిన్న స్పీకరు డబ్బా, కార్డు పెట్టుకునేది. పాట మోగుతోంది. కొలతలు చెబుతూనే పాట పోల్చుకున్నాను. నాలుగోది. చరణం అయిపోతోంది. అలవాటుగా పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

"నాన్నా, నేనెక్కడున్నానో చెప్పుకో చూద్దాం!"

టైలరమ్మ మిషను తొక్కడం ఆపేసింది. మూడు సెకన్లయ్యాయి. వాయిద్యాలు మళ్ళీ రాలేదు. డబ్బాలోంచి చిన్నగా కిలకిలమని నవ్వు వచ్చింది.

"ఆపండి!" అని అరిచాను. ఆవిడ హడలిపోయి నొక్కేసింది. అన్నయ్య కన్నా ముందు నేను వినకూడదు. అంతే తోచింది.

విషయం చెప్పాను. ఆవిడ చేతిలో కత్తెర కింద పెట్టింది. "ఆ పిల్ల లేదా?" అంది. "మార్పించుకుందామనే బయల్దేరానమ్మా ఆ రోజు. దారిలో బుద్ధి పుట్టలేదు. నాకా పిల్లల్లేరు. ఆ పాట వచ్చినప్పుడల్లా మిషను ఆపి వింటాను. ఇన్నేళ్ళుగా నా కళ్ళకి అది ఆ బల్ల కిందే కూర్చున్నట్టుంటుంది." కార్డు తీసి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "విని తెచ్చిస్తావు కదూ?"

మర్నాడు పొద్దున్నే, సెంటర్ తెరవకముందు, అన్నయ్యని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. వదినకీ చెప్పాను, చెప్పకపోతే నాకు ముద్ద దిగేట్టు లేదు. రాదనుకున్నా. వచ్చింది. గుమ్మం దగ్గర స్టూలు మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. ఒక్కటి తప్ప మిషన్లన్నీ ఆపి ఉన్నాయి, టైలరమ్మ అప్పటికప్పుడు కుట్టిచ్చిన కర్టెన్ వేసి ఉంది, ఆ ఒక్క స్క్రీన్ వెలుగే గదికి. కార్డు నేనే పెట్టాను. అన్నయ్య హెడ్‌ఫోన్లు తీసుకోబోయాడు.

"పైకే వినపడేట్టు పెట్టండి" అంది వదిన, ఇటు తిరక్కుండానే.

చరణం అయింది. "నాన్నా, నేనెక్కడున్నానో చెప్పుకో చూద్దాం!" నవ్వు. టకటకమని కీబోర్డు చప్పుడు. తర్వాత మా అన్నయ్య గొంతు, పడుచు గొంతు: "ఉండమ్మా, పనిలో ఉన్నా."

"చెప్పుకో నాన్నా!"

"పని అయ్యాక ఆడుకుందాం, సరేనా?"

కీబోర్డు చప్పుడు ఆగలేదు. ఇక ఏమీ లేదేమో అనుకున్నాం. అప్పుడు కౌంటరు కింద నుంచి, చాలా చిన్నగా: "సరే. పని అయ్యాక వెతుకు. నువ్వొచ్చేదాకా నేను కదలను."

రెండో చరణం మొదలైంది. నేను పాట ఆపేశాను.

వదిన ఇటు తిరిగింది. "వెతికారా ఆ రోజు?" అంది.

"గుర్తు లేదు" అన్నాడు అన్నయ్య.

తర్వాత ఆయన లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒకటో మిషను బల్ల కిందకి తల పెట్టి చూశాడు. అక్కణ్ణుంచి రెండో దాని కిందకి పాకాడు. మూడోది చూశాడు. నాలుగో కుర్చీని పక్కకి జరుపుతున్నాడు.

వదిన వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఇక్కడుండదండీ. దానికి చీకటంటే భయం కదా" అంది.

నేను వెళ్ళి కర్టెన్ లాగేసి, లైట్లన్నీ వేశాను.