బావ తీయించేసిన ముక్క

మొన్న మద్దిలపాలెంలో బస్సు దిగి, కాఫీకని ఓ కొత్త హోటల్లో కూర్చున్నాను. గోడమీది స్పీకర్లో, చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఇంగ్లీషు రికార్డులోని చివరి పాట మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత అది వినబడగానే నాకు గుర్తొచ్చింది మా బావ. ఒళ్లు మండిపోయింది.

మా నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. బ్రిటిషు ఓడలో వంటవాడొకడు మా అమ్మ పెట్టిన మాగాయకు రుచి మరిగి, సీసాకు బదులుగా ఇచ్చిన ఎల్పీ రికార్డు అది. అరవైల నాటిది. అట్ట మీద పువ్వుల్లో మునిగిపోయిన గడ్డాలవాళ్లు. లోపల వాళ్ల పల్లెపాటలు, గిటారు, ఉన్నట్టుండి మన సితారు. చివరి పాట తోకలో గొంతులూ వాయిద్యాలూ అన్నీ, టేపు తిరగేసి పెట్టినట్టు, వెనక్కి నడుస్తాయి. అది రాగానే ఇంటిల్లిపాదీ వీధిలోకి పారిపోయేవాళ్లం. అక్క మాత్రం ఆ ముక్క కోసమే రికార్డంతా వినేది. కళ్లు మూసుకుంటే అమ్మ ఎంత పిలిచినా పలికేది కాదు.

తొంభైల్లో అక్క పెళ్లయి స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌కి వెళ్లింది. అక్కడున్నది టేప్‌రికార్డరే. అందుకని బావ ఆ ఎల్పీని వన్‌టౌన్‌లో క్యాసెట్లు నింపే షాపుకి పట్టుకెళ్లాడు. సాయంత్రం వచ్చి, అక్కను చూడ్డానికెళ్లిన నాతో గొప్పగా చెప్పాడు.

"సివర్న రికార్డు పాడైపోయి గోలగోలగా ఉంది బామ్మర్దీ. ఆ ముక్క తీయించేసాను. టేపు కాళీగా ఎందుకని సినిమా పాటలు ఏయించాను."

అసలు రికార్డేదంటే, దార్లో భోంచేస్తూ స్కూటరు మీద ఎండలో వదిలేశాడట. అప్పడంలా వంకర్లు తిరిగిపోయింది. ఆ చివరి ముక్క నిజంగా పాడైందో లేదో ఇంట్లో ఒక్కమాట అడగొద్దూ? అంతకంటే మండింది అక్కను చూసి. పోన్లెమ్మని ఆయనకు అన్నం వడ్డించింది. నేనే కంచం ముందు నుంచి లేచొచ్చేశాను. ఆ ఇంట్లో మరి ఏళ్ల తరబడి ఆ క్యాసెట్టే మోగింది.

హోటల్లో పాట తోకకు వస్తోంది. అక్కకు ఫోన్ కలిపి, బల్లెక్కినంత పనిచేసి స్పీకర్ దగ్గర పట్టుకున్నాను. వెనక్కి నడిచే ముక్క మొత్తం అయ్యేదాకా చెయ్యి దించలేదు. అప్పుడు చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మన పాటేరా," అంది అక్క. "సివర్న పాడైపోయినట్టుంది సూడు. సినిమా పాట రాలేదేటి?"

ఇన్నేళ్లూ ఆ ముక్క కోసం కోపాన్ని దాచుకున్నది నేనొక్కణ్ణే. అక్కలోంచి దాన్ని కాలం ఎప్పుడో తీయించేసింది.